బతికున్న మనిషి పటానికి దండ మేకులు

నేను ముప్పై రెండేళ్ళు పటాలు కట్టాను. కట్టిన పటాలను ఇళ్ళకు తీసుకెళ్ళి గోడలకు తగిలించాను. ఇప్పుడు మద్దిలపాలెంలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఊరికే కూర్చున్నాను. అయినా కూర్చోనివ్వరు. కింద ఫ్లాటు కుర్రాడు ఫోన్లో ఫొటో పెట్టి, "అంకుల్, ఈ బొమ్మకి ఏ హుక్కు వాడాలి?" అంటాడు. పై ఫ్లాటు అమ్మాయి గోడకు అంటించే స్టిక్కరు హుక్కులు కొనుక్కొచ్చింది. అద్దం పటాన్ని దానికి తగిలించింది. రెండో రోజు అది లప్పంతో సహా ఊడి సోఫా మీద పడింది. "పది కిలోలు మోస్తుందని ప్యాకెట్ మీద రాశారు కదా అంకుల్" అని నాతో పోట్లాట! ఆ ప్యాకెట్ రాసినవాడు సముద్రం పక్కన ఎప్పుడైనా కాపురం చేశాడా తల్లీ? వానాకాలంలో మన గోడలకు చెమట పడుతుంది. ఇనప మేకు కొడితే ఏడాది తిరక్కుండా తుప్పు కిందికి కారుతుంది. గోడలో ప్లగ్గు, దానికో స్క్రూ, పటానికి ఇత్తడి కొక్కెం. ఇంతే సంగతి. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి నాకు రోజుకో గంట పడుతోంది.

పైగా "మీరు ఎక్స్‌పర్టు కదా అంకుల్" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ఎక్స్‌పర్టు ఒకసారి ఏం నిర్వాకం వెలగబెట్టాడో చెప్తాను, వినండి. విన్నాక కూడా నన్నే అడగాలనిపిస్తే మీ ఖర్మ.

మా షాపు వన్ టౌన్‌లో ఉండేది. యజమాని సాయిబు గారు. పటాలు కట్టడం వాళ్ళకు తాతల నాటి నుంచి వస్తున్న పని. నేను శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వ్యవసాయం వదిలి వచ్చినవాణ్ణి. పటం చుట్టూ వేసే చెక్క బద్దను మూలకు కోయడం దగ్గర నుంచి అద్దం తుడవడం దాకా ఆయనే నేర్పాడు. మూల కోతలో వెంట్రుకవాసి సందు కనిపించినా ఆ బద్ద పొయ్యిలోకి పోయేది, నాకు ఆ పూట తిట్లు భోజనం అయ్యేవి.

షాపుకు వచ్చేవి మూడు రకాలు: దేవుళ్ళు, పోయినవాళ్ళు, మిగతావి. మొదటి రెండు రకాలనూ మనవాళ్ళు గుమ్మం ఎత్తుకు పైన తగిలిస్తారు. కింద నిలబడి చూసేవాళ్ళకు కనబడాలంటే పటం ముందుకు వాలి ఉండాలి. అందుకని వెనక తీగ కట్టే రింగులను సగానికి కాస్త పైగా మాత్రమే బిగిస్తాం. దండ వేసుకోవడానికి పై బద్దకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి చిన్న ఇత్తడి మేకులు కొడతాం. వాటిని దండ మేకులు అనేవాళ్ళం. పెళ్ళి ఫొటోలకు, సర్టిఫికెట్లకు, సీనరీలకు ఇవేవీ ఉండవు. రింగులు బాగా పైకి బిగిస్తే పటం గోడకు ఆనుకుని తిన్నగా ఉంటుంది.

మరి తెచ్చిన పటం ఏ రకమో ఎలా తెలియాలి? అడగకూడదు. అది సాయిబు గారి చట్టం.

"మనిషి పోయి నాలుగు రోజులవ్వలేదు, ఆ ఇంటోళ్ళు మన దగ్గరికొత్తారు. ఈయన ఉన్నాడా పోయేడా అని అడుగుతావేటి తమ్ముడూ? మొకం సూసి తెల్సుకో" అనేవాడు.

మొహం చూసి తెలుసుకోవడంలో నా అంత మొనగాడు లేడనుకునేవాణ్ణి. పాస్‌పోర్టు ఫొటోను పెద్దది చేయించి తెచ్చారా, గొంతు పెగలకుండా మాట్లాడుతున్నారా, ఫలానా రోజు లోపల కావాలని తొందర పెడుతున్నారా, అయితే పెద్దకర్మకే. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. షాపులో ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. ఖాళీ దండ మేకులు చూస్తే ఇంటివాళ్ళకు కడుపు తరుక్కుపోతుందని, షాపు తరఫున ఒక గంధం చెక్క దండ ఇచ్చేవాళ్ళం. పటం తగిలించినవాడే దండ కూడా వేసి, ఒక నమస్కారం పెట్టి వచ్చేయాలి.

ఒక సోమవారం ఒకమ్మాయి వచ్చింది. కాలేజీ వయసు. పాత చీరలో చుట్టి రంగులతో వేసిన బొమ్మ తెచ్చింది. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, తిన్నగా మన వైపే చూపు, వెనక నీలం రంగు. పాస్‌పోర్టు ఫొటో చూసి వేసిందని తెలిసిపోతోంది.

"మా నాన్న" అంది.

"ఎవరమ్మా వేసింది?"

"నేనే అంకుల్. మనిషి బొమ్మ వెయ్యడం ఇదే మొదలు." కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "గురువారానికి మా ఇంట్లో గోడ మీద ఉండాలి. శుక్రవారం..." అని ఆగిపోయింది.

శుక్రవారం ఏమిటని నేను అడగలేదు. అడక్కుండా తెలుసుకునే మొనగాణ్ణి కదా! "కంగారు పడకమ్మా, అన్నీ మేం చూసుకుంటాం" అన్నాను. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని ఉక్కునగరంలో తమ క్వార్టరు అడ్రసు రాసిచ్చి వెళ్ళింది. సాయిబు గారు లోపలి నుంచి ఏ రకమని అడిగితే రెండు వేళ్ళు చూపించాను.

గురువారం పొద్దున్నే పటంతో బస్సెక్కాను. పటానికి కూడా టిక్కెట్టు తియ్యమని కండక్టరు గాజువాక దాకా గొడవ పెట్టాడు. ఆ విసుగుతోనే క్వార్టరుకు చేరాను. అమ్మాయి తలుపు తీసి, గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ చూపించింది. "అమ్మ ఊళ్ళోకెళ్ళింది, వచ్చేస్తోంది. అమ్మకి చెప్పలేదంకుల్, తను వచ్చేసరికి గోడ మీద ఉండాలి" అని, నాకు టీ పెట్టడానికి పాలు తేవడానికి వెళ్ళింది.

ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే లెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఆ ఇంట్లో చుట్టాలు లేరు. దీపం లేదు. గుమ్మం పక్కన మగవాళ్ళ చెప్పులు ఉన్నాయి. తలుపు వెనక ఇస్త్రీ చేసిన చొక్కా వేలాడుతోంది. ఇవన్నీ చూశాను. చూసి, ఈ ఇంట్లో ఏ గోడకు ప్లగ్గు బాగా పడుతుందా అని ఆలోచించాను. కంపెనీ కట్టించిన గోడలు, మేకు కొడితే మేకే వంగుతుంది. డ్రిల్లు పెట్టి, ప్లగ్గు దింపి, గుమ్మం ఎత్తున కొక్కెం బిగించాను. పటం తగిలించాను. చక్కగా ముందుకు వాలింది. గంధం దండ వేశాను. రెండడుగులు వెనక్కి వచ్చి చేతులు జోడించాను.

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. నుదుట బొట్టు, మెడలో పుస్తెలు, చేతిలో ఖాళీ టిఫిను క్యారేజీ. ఆవిడ గోడ వైపు చూస్తోంది. క్యారేజీని మెల్లగా నేల మీద పెట్టి, దాని పక్కనే కూలబడింది.

"ఎప్పుడు?" అంది. "నాను బస్సెక్కినప్పుడు బాగానే ఉన్నాడు... ఆస్పత్రోళ్ళు ఎప్పుడు ఫోన్ సేసేరు బాబూ?"

ఆయన బతికే ఉన్నాడని, ఆస్పత్రిలో ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది. భర్తను మంచం మీద కూర్చోబెట్టి, టిఫిను తినిపించి వచ్చిన మనిషి, తాను బస్సులో ఉండగానే ఆయన పోయాడని అనుకుంది. ఆవిడ అనుకునేలా చేసింది నేను.

పాల ప్యాకెట్టుతో అమ్మాయి వచ్చింది. గోడ చూసింది, తల్లిని చూసింది. "అమ్మా, నాన్నకేం కాలేదు! ఏం కాలేదమ్మా!" అని అరుస్తోంది. తల్లికి వినబడదే! చివరికి ఆస్పత్రిలో ఉన్న తండ్రికి ఫోన్ కలిపి తల్లి చెవి దగ్గర పెట్టింది. అవతల నుంచి ఆయన గొంతు నాకూ వినిపించింది.

"ఏటే, ఇంటికి సేరేవా? నా కళ్ళజోడు మర్సిపోకు, ఆ బల్ల మీదుంది."

ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. ఇక నా వంతు.

"బతికున్న మనిసికి దండేత్తావేటిరా! ఎవుడు సెప్పేడు నీకు? నీ సేతులిరిగిపోను! ముందది దింపు. దాన్నట్టుకుని నా గుమ్మం దిగు!"

దింపాను. దండ జేబులో కుక్కుకున్నాను. నేను గుమ్మం దిగుతుండగా ఆవిడ కూతురితో అన్న మాట వినిపించింది. "రేపు ఆపరేషను లేదు, ఏటీ లేదు. ఇంత అపశకునం జరిగేక నాను సంతకం ఎట్టను."

"గుండె ఆపరేషనమ్మా! ఇంక ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు చెప్పారు కదమ్మా" అంటోంది కూతురు.

పటాన్ని చంకలో పెట్టుకుని బస్సులో నిలబడి వచ్చాను. నాకు శకునాల మీద నమ్మకం లేదు. నాకు లేకపోతే ఏం లాభం? ఆవిడకు ఉంది. ఆవిడ సంతకం పెట్టక, ఆపరేషను ఆగిపోయి, ఆ మనిషికి ఏమైనా అయితే అది నా చేతి పనే.

సాయిబు గారికి చెప్పాను. బద్ద కోత తప్పితే ఇల్లు పీకి పందిరి వేసే మనిషి ఈసారి నన్ను తిట్టలేదు. శుక్రవారం పొద్దున్న షాపు తెరవకుండా నన్ను ఆస్పత్రికి లాక్కెళ్ళాడు.

వార్డు బయట బెంచీ మీద ఆవిడ కూర్చుంది. పక్కన కూతురు, చేతిలో కాగితం. నర్సు గడియారం చూసుకుంటూ, "థియేటర్ రెడీగా ఉందమ్మా, పెడతారా లేదా?" అని విసుక్కుంటోంది. నన్ను చూడగానే ఆవిడ మొహం తిప్పుకుంది.

సాయిబు గారు ముందుకెళ్ళి చేతులు జోడించాడు. "తల్లీ, తప్పు ఇతందు కాదు, నాది. అడగొద్దని ఇతనికి నేర్పింది నాను. అడిగుంటే ఇదంతా ఒచ్చీది కాదు. నన్ను తిట్టు. నా మీద కోపానికి ఆయనకి వైద్యం ఆపకు."

"నాకెవరి మీదా కోపం లేదు బాబూ. నాకు భయం" అందావిడ. "నా కళ్ళతో సూసేను దండ. మళ్ళీ సూడలేను."

లోపల్నుంచి కేక వినిపించింది. "ఏటక్కడ గొడవ? అందరూ లోపలికి రండి!"

ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆకుపచ్చ గౌనులో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బొమ్మలో ఉన్న మనిషే, కాస్త చిక్కాడు. ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ తల్లికి ఇంట్లో ఆయన మొహం కనబడాలనే బొమ్మ వేశానంటూ, కూతురు ఏడుస్తూ అంతా చెప్పింది. ఆయన నా వైపు తిరిగాడు.

"దండ కూడా ఏసేవా?"

"వేశానండి."

"పూలదా?"

"గంధం చెక్కదండి."

"పూలది కూడా కాదు" అని నిట్టూర్చాడు. తర్వాత భార్య మీద పడ్డాడు. "ఏమే, మా మేనమామ నెత్తి మీద కాకి తన్నితే, ఆడు సచ్చిపోయేడని సుట్టాలందరికీ ఉత్తుత్తి కబురు పంపిందెవరు? మీయమ్మ కాదేటి? దొంగ సావు కబురొత్తే గండం పోద్ది, ఆయుస్సు పెరుగుద్ది అని అందరికీ సెప్పిందా లేదా? ఆడు ఇప్పటికీ సుబ్బరంగా ఉన్నాడు. కల్లు కూడా మాన్లేదు. కబురుకే అంత పెరిగితే, ఈ బావ నాకు పటం కట్టి, మేకు కొట్టి, దండే ఏసేడు. నాకెంత పెరగాలో సూస్కో!"

"నీకు నవ్వులాటగా ఉంది" అందావిడ. కళ్ళ నిండా నీళ్ళు.

"నవ్వులాట కాదే. నాకూ భయంగానే ఉంది" అన్నాడాయన. ఈసారి గొంతు తగ్గింది. "నువ్వు సంతకం ఎట్టకపోతే ఇంకా భయం."

ఆవిడ కూతురి చేతిలోంచి కాగితం లాక్కుని సంతకం పెట్టింది. పెన్ను నర్సుకిచ్చి నాతో అంది: "ఈ మనిసి ఇంటికి రాకపోతే నీ షాపు ముందే కూకుంటాను. గుర్తెట్టుకో."

గుర్తు పెట్టుకోకుండా ఎలా ఉంటాను? మధ్యాహ్నం సాయిబు గారు నమాజుకు వెళ్ళి, చేసుకుని తిరిగొచ్చాడు. నేను ఆస్పత్రి మెట్ల మీదే కూర్చున్నాను. దేవుడి పటాలు వేలకొద్దీ కట్టాను గానీ ఆ రోజు మొక్కుకున్నంతగా ఎప్పుడూ మొక్కుకోలేదు. శకునాలు లేవనేవాడు మొక్కుకోవడం ఏమిటని నా మీద నాకే చిరాకు. సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, బాగా జరిగింది, ఫరవాలేదు అన్నాడు. అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. తల్లి నా వైపు చూడలేదు. సాయిబు గారు దారిలో టీ తాగించాడు, డబ్బాలో సిగరెట్టు లేకపోతే టీకొట్టు వాణ్ణి అనవసరంగా తిట్టాడు.

ఆ మర్నాడే షాపులో చట్టం మారింది. ప్రతి పటానికీ అడగాలి. నోటితో అడిగి, వెనక సుద్దముక్కతో రాయాలి. అడగడం నాకు అలవాటు లేక ఎన్ని అవస్థలు పడ్డానో! ఒక కొత్త పెళ్ళికొడుకు పెళ్ళి ఫొటో తెస్తే, "ఇద్దరూ ఉన్నారా బాబూ?" అని అడిగాను. కొట్టినంత పని చేశాడు. అయినా మానలేదు. తన్నులు తిన్నా ఫరవాలేదు, అడగండి. మీరు ఏ పనిలో ఉన్నా సరే, నాకంతా తెలిసిపోయిందని అనిపించినప్పుడు మరీ అడగండి.

నెల తిరిగాక ఆయనే షాపుకు ఫోన్ చేశాడు. "ఏటి బావా, నా బొమ్మ నీ దగ్గరే ఉంచేసుకుంటావా?" అన్నాడు. అప్పటికే పటాన్ని బాగు చేసి ఉంచాను. రింగులు పైకి మార్చాను, దండ మేకులు పీకాను, ఆ కన్నాలు పూడ్చి పాలిష్ పెట్టాను. డ్రిల్లు, ప్లగ్గులు, వాలు చూసే రసమట్టం సంచీలో వేసుకుని ఆదివారం పూట వెళ్ళాను.

గుమ్మంలోనే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు లోపలికి రావద్దు. నా గోడ ముట్టుకోవద్దు."

"మరి ఎవరు కొడతారే? నన్ను సెయ్యెత్తొద్దన్నారు కదా" అన్నాడాయన, కుర్చీలోంచి.

"నేను కొడతానమ్మా" అంది కూతురు.

"నువ్వూ వద్దు. ఇతన్ని తెచ్చింది నువ్వే కదేటి!"

నా సంచీ లాక్కుంది. కొంగు బిగించి, స్టూలు ఎక్కి, డ్రిల్లు పట్టుకుంది. నేను గుమ్మం బయట, చెప్పుల పక్కన నిలబడి ఉన్నాను. జన్మలో డ్రిల్లు పట్టని మనిషి, కంపెనీ గోడ. నేనేమో బయట నుంచి "నొక్కకండమ్మా, దానంతటదే దిగుతుంది... తిన్నగా పట్టుకోండి... అయ్యో, వాలిపోతోంది..." అని గోల. "నాకు సెప్పకు!" అని ఆవిడ. "సెప్పనీవే, ఆడి పని కదా అది" అని ఆయన. "నువ్వు మాటాడకు, డాక్టరొద్దన్నారు!" అని మళ్ళీ ఆవిడ. కూతురు స్టూలు పట్టుకుని, మీద రాలుతున్న ధూళికి తుమ్ముతోంది. నా పాత కన్నాన్ని ఆవిడ అప్పటికే పళ్ళపేస్టుతో పూడ్చేసి ఉంచింది. కొత్త కన్నాలు మనిషి కళ్ళ ఎత్తులో రెండు పెట్టింది. రసమట్టం పెట్టి చూడమంటే, "నాకు కళ్ళున్నాయి" అంది.

పటం ఎక్కింది. గోడకు ఆనుకుని నిలబడింది. ఆవిడ స్టూలు దిగి, జుట్టు నిండా సున్నంతో, వెనక్కి జరిగి చూసింది. ఎడమ పక్క బొటనవేలంత కిందికి దిగి ఉంది. గుమ్మంలోంచి నాకు కనబడుతోంది. నా చేతులు దురద పెడుతున్నాయి.

ఆయన ఉక్కు మిల్లులో బతుకంతా కొలతలతో గడిపిన మనిషి. ఊరుకోలేకపోయాడు. "ఎడం పక్క దిగిపోనాదే."

"దిగితే దిగనీ. బొమ్మ వంకరగా ఉంటే నాకేటి? మనిసి తిన్నగా ఇంటికొచ్చేడు, సాలు" అందావిడ. అప్పుడు నా వైపు తిరిగింది. ఆ నెల రోజుల్లో నా మొహంలోకి తిన్నగా చూడటం అదే మొదటిసారి. "ఏం బాబూ, నువ్వు సెప్పు. బాగుందా?"

"బాగుందమ్మా" అన్నాను.

"అయితే లోపలికి రా. టీ తాగి ఎల్దువు."

ముప్పై రెండేళ్ళలో నేను వంకరగా వదిలేసి వచ్చిన పటం అదొక్కటే.